తెరకు ఇవతలి జడ

మంగళవారం పొద్దున్నే మాణిక్యాంబకు మ్యూజియం నుంచి ఉత్తరం వస్తుంది. జడ మళ్ళీ పెరిగిందనీ, ఈసారి నాలుగో గది గుమ్మం దాటి పెరటి మెట్ల మీదికి దిగిందనీ, దయచేసి వచ్చి చిక్కు తీసి, నూనె రాసి, అల్లి వెళ్ళవలసిందనీ అందులో ఉంటుంది. కింద అధికారి సంతకం, పక్కన గుండ్రటి ముద్ర.

ఆవిడ ఉత్తరాన్ని రెండుసార్లు చదివి పోపుల డబ్బా కింద పెడుతుంది. అక్కడ ఇలాంటివే ఇంకో ఇరవై రెండు ఉన్నాయి. ఏటా రెండుసార్లు పెరుగుతుంది ఆ జడ, వానాకాలంలో కాస్త ఎక్కువ.

మాణిక్యాంబ ఎలాంటి మనిషో ముందే చెప్పేస్తాను, లేకపోతే తర్వాత ఆవిడ చేసిన పని చూసి మీరు నన్ను తప్పు పడతారు. వయసు డెబ్బై ఒకటి. ఎవరు ఏ పని చెప్పినా సరేనని చేసిపెట్టే రకం. చేశాక మాత్రం వంటింట్లోకి వెళ్ళి గిన్నెలతో చెప్పుకుంటుంది. గిన్నెలు నోరెత్తవు. ఒక్క ఇత్తడి చెంబు మాత్రం ఎదురు ప్రశ్నలు వేస్తుంది, అది పుట్టింటి నుంచి వచ్చిన చెంబు.

"ఈసారి వెళ్ళి అడిగేస్తాను," అంటుంది మాణిక్యాంబ.

"ఏమని?" అంటుంది చెంబు.

"అది నా జుట్టు అని."

"నూనె సీసా తీసుకెళ్ళు ఎందుకైనా మంచిది," అంటుంది చెంబు. ఆవిడ సీసా సంచిలో పెట్టుకుంటుంది.

సంగతేమిటంటే, ఆవిడ కాపురం చేసిన వీధిలో మగవాళ్ళంతా భాగవతులు. ఊళ్ళు తిరిగి ఆట ఆడేవాళ్ళు. ఆడ వేషాలు కూడా మగవాళ్ళే కట్టేవాళ్ళు, ఆడది గజ్జె కట్టడమన్నది అప్పట్లో ఊహకైనా రాని మాట. మాణిక్యాంబ భర్త భీమశంకరం నాయిక వేషానికి పెట్టింది పేరు. ఆయన చీర కట్టుకుని తెర వెనక నిలబడితే, మనిషి కంటే ముందు జడ వచ్చేది. నిలువెత్తు జడను తెర మీదుగా జనం వైపు విసిరేవాడు. నన్ను ఆటలో గెలిచేవాళ్ళెవరైనా ఉంటే వచ్చి ఈ జడ కోసుకుపొండి అని దాని అర్థం. భాగవతుల్లో అదొక పంతం. వందేళ్ళలో ఒక్క జడా తెగలేదు, ఎందుకంటే ఎవరూ వచ్చి దాన్ని ముట్టుకోలేదు.

నలభై తొమ్మిదేళ్ళ కిందట, పెద్ద ఆట మూడు రోజులు ఉందనగా, భీమశంకరం సవరాన్ని ఎలుకలు కొట్టేశాయి. ఆయన వేషాల పెట్టె ముందు కూలబడి కాసేపు ఏడ్చాడు. తర్వాత తలెత్తి భార్య వైపు చూశాడు. మాణిక్యాంబ జడ అప్పట్లో మోకాళ్ళు దాటేది.

"మళ్ళీ పెరుగుతుందిగా," అన్నాడు. ఆవిడ సరే అంది.

పునిస్త్రీ జుట్టు తీయించుకుంటే ఏ వీధీ ఊరుకోదు. కొండకు వెళ్ళినా పునిస్త్రీలు మూడు కత్తెర్లు ఇచ్చి వస్తారు, అంతే. అందుకని భీమశంకరం ఒక కథ కట్టాడు. తనకు జబ్బు చేస్తే భార్య మొక్కుకుందనీ, మెడ దాకా కత్తిరించి జుట్టంతా కొండ మీద ఇచ్చేసిందనీ గడప గడపకీ చెప్పాడు. జనం ఆవిడ భక్తికి దణ్ణం పెట్టారు. అదే జుట్టు మూడో రోజున తెర మీదుగా వచ్చి వాళ్ళ ముందు పడితే, సవరమంటే ఇదీ అన్నారు.

ఆయన పోయి పదకొండేళ్ళు, జడ మ్యూజియానికి చేరిందీ అప్పుడే. పోయేదాకా ఆ నిజం ఎవరికీ చెప్పలేదు. చెప్పమని ఆవిడా అడగలేదు. ఆవిడ తల మీద జుట్టు మాత్రం ఆ రోజు నుంచి భుజం దాటలేదు, పెరగవలసిందంతా ఆ జడలోకి వెళ్ళి పెరుగుతోంది. మాణిక్యాంబకు కోపంగా ఉంది. నలభై తొమ్మిదేళ్ళుగా ఉంది.

బస్సు మ్యూజియం దాకా వెళ్ళదు. బస్సు ఎక్కడ ఆగితే మ్యూజియమే అక్కడికి వచ్చి, మెట్లు కిందికి దించి నిలబడుతుంది. ఈ రోజు తుమ్మచెట్ల మధ్య నిలబడింది. మాణిక్యాంబ ఇన్నేళ్ళూ పెరటి గుమ్మంలోంచి లోపలికి వెళ్ళి, జడ కొసకు నూనె రాసి, అదే గుమ్మంలోంచి తిరిగి వచ్చేసేది. పనికి వచ్చినవాళ్ళ దారి అది. ఈసారి ఆవిడ చుట్టూ తిరిగి వీధి గుమ్మం దగ్గరికి వస్తుంది. టికెట్ కొంటుంది.

గుమ్మం పక్కన నాంచారమ్మ అనే ఆవిడ స్టూలు మీద కూర్చుని ఉంటుంది. ఆవిడ వెనక గోడంతా గూళ్ళు.

"చెప్పులు ఈ గూట్లో, నడక ఆ గూట్లో పెట్టండమ్మా," అంటుంది నాంచారమ్మ.

"నడకెందుకు?"

"లోపల అందరూ మ్యూజియం నడకే నడవాలండి. ఎవరి నడక వాళ్ళు తెచ్చుకుంటే నేల ఒక్కో చోట ఒక్కోలా అరిగిపోద్ది."

అదీ నిజమే. మాణిక్యాంబ చెప్పులు విడుస్తుంది, నడక కూడా విడిచి ఇస్తుంది. నాంచారమ్మ దాన్ని రెండు చేతులతో అందుకుని, వెలుతురులోకి ఎత్తి అటూ ఇటూ తిప్పి చూస్తుంది. ఎడమ వైపు కాస్త ఒరిగి ఉంటుంది అది. కాపురానికి వచ్చింది మొదలు కాలువ నుంచి ఎడమ చంకన బిందె మోసిన నడక.

"ఇది మా దగ్గర ఉందండి, నాలుగో గదిలో," అంటుంది నాంచారమ్మ. "రెండోది తీసుకోడానికి లేదు. దీంతోటే వెళ్ళండి. ఎవరన్నా అడిగితే నకలని చెప్పండి."

"ఏది నకలు?"

"రిజిస్టర్లో ముందెక్కింది అసలండి. తర్వాత వచ్చింది నకలు."

మాణిక్యాంబ నడకను మళ్ళీ తొడుక్కుని లోపలికి వెళ్తుంది. లోపలున్న జనమంతా ఒకే తీరున, మెత్తగా, చప్పుడు లేకుండా నడుస్తున్నారు. ఆవిడ ఒక్కతే ఒక పక్కకు ఒరిగి నడుస్తోంది. అందరూ మర్యాదగా దారి ఇస్తారు.

మొదటి గదిలో గజ్జెలు. ఒక్కో అద్దాల పెట్టెలో ఒక్కో జత, పడుకుని నిద్రపోతున్నాయి. ఒక బంట్రోతు మునివేళ్ళ మీద తిరుగుతూ, జారిపోయిన దుప్పట్లు మళ్ళీ వాటి మీదికి కప్పుతున్నాడు. ఎవరికైనా దగ్గు వస్తే బయటికి వెళ్ళి దగ్గి రావాలని గోడ మీద రాసి ఉంది.

రెండో గదిలో వానలు. ఆటలు ఆపేసిన వానలన్నీ ఇక్కడ కురుస్తున్నాయి, ఏ ఊరిది ఏ ఏడాదిది అని ఒక్కోదానికీ చీటీ కట్టి ఉంది. మాణిక్యాంబ కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని వాటి మధ్యలోంచి వెళ్తుంది. ఒక వాన దగ్గర ఆగి చీటీ చదువుతుంది. ఆ ఏడాది వాన వల్ల పదిహేను రోజుల ఆటలు పోయి భీమశంకరం ఇంటికి వచ్చేశాడు. పొయ్యి దగ్గర కూర్చుని పనసకాయ పొట్టు కొట్టి పెట్టాడు, చేతులకి జిగురంటిందని ఒకటే గొణిగాడు. ఆవిడ అంత సంతోషంగా ఉన్న రోజులు చాలా లేవు. ఆ వానలో ఒక చెయ్యి పెట్టి, తడిసిన చెయ్యి కొంగుకు తుడుచుకుని ముందుకు పోతుంది.

మూడో గది ఇరవై అడుగుల గది. పక్క గదిలో జడ పెరిగిన ప్రతిసారీ చోటు చాలక సాగి సాగి, ఇప్పుడు అవతలి తలుపు సన్నటి చుక్క అయింది. కాలినడకన వెళ్తే చీకటి పడుతుందని జనాన్ని ఇత్తడి పళ్ళేలు ఎక్కిస్తున్నారు. భాగవతులు ఆట చివర ఎక్కి ఆడే పళ్ళేలే ఇవి. అంచు మీద పాదాలు ఆనించి నిలబడితే అదే పాకుతూ పోతుంది.

"మామ్మగారికి మోకాళ్ళ నొప్పులున్నట్టున్నాయి. కాస్త వెడల్పుది ఇవ్వండి," అంటాడు బంట్రోతు ఎవరితోనో. వెడల్పు పళ్ళెం తెస్తారు. దారి పొడుగునా గది ఇంకొంచెం సాగుతుంది కానీ, పళ్ళెం ఓపిక ఉన్నది.

నాలుగో గదిలోకి అడుగు పెట్టగానే ఆవిడకు ముందు కనిపించేది ఇసుక. నేల మీద ఇసుక పరిచి, చుట్టూ తాడు కట్టారు. ఇసుక మీద ఎవరూ లేరు. అడుగులు మాత్రం ఒక్కొక్కటే పడుతూ పోతున్నాయి, ఎడమది లోతుగా, కుడిది తేలిగ్గా. చివరి దాకా పోయి, చెరిపేసుకుని, మళ్ళీ మొదటి నుంచి పడతాయి. పక్కన చీటీ మీద ఇలా ఉంది: "నడక. కళాకారుడు భీమశంకరం. ఎడమ వైపు ఒరుగు గురుపరంపరగా వచ్చిన మెలకువ."

మాణిక్యాంబ చీటీని మూడుసార్లు చదువుతుంది. తన చంకన బిందెను మోయించిన అత్తగారే ఆ గురుపరంపర కాబోలు అనుకుంటుంది. ఆవిడకు నవ్వు రాదు.

గది మధ్యలో తెర. రెండు వైపులా ఇద్దరు మనుషులు తెర కొసలు పట్టుకుని నిలబడి ఉన్నారు, వీళ్ళ తండ్రులు కూడా ఇదే తెర పట్టుకున్నారట. తెర మీదుగా జడ ఇవతలికి పడి ఉంది. పడి, నేల మీద చుట్టలు చుట్టుకుని, గోడ వెంట పోయి, గుమ్మం దాటి, పెరటి మెట్లు దిగిపోయింది. నల్లగా ఉంది. ఒక్క తెల్ల వెంట్రుక లేదు.

అధికారి దివాకరం మెడలో తాళాల గుత్తితో గబగబా వస్తాడు. మంచి కుర్రాడే, ఉత్తరాల్లో ఏనాడూ తప్పు మాట రాయలేదు.

"పెరటి తాళం తీయించి ఉంచాను మామ్మగారూ. ఇటు వచ్చారేం? కొస అటుంది, ఇక్కడున్నది మొదలు."

"మొదలు చూద్దామనే వచ్చాను."

మొదలు దగ్గర కూడా ఒక చీటీ ఉంది. "నాయిక జడ. భీమశంకరం వాడినది. మనిషి వెంట్రుకలు. ఎవరివో తెలియదు."

"తెలుసు," అంటుంది మాణిక్యాంబ. "నావి."

దివాకరం కంగారు పడడు. బల్ల సొరుగులోంచి లావుపాటి రిజిస్టరు తీసి, వేలితో వెతికి చూపిస్తాడు.

"మీ జుట్టు కొండ మీద ఉందండి. ఇదిగో, మీ వీధి మొత్తం సాక్షి సంతకాలు పెట్టింది. ఒకే జుట్టు రెండు చోట్ల ఉందని రాద్దామంటే గడి లేదు."

"కొండ మీద లేదు బాబూ."

"మీరంటే చాలదండి. చెప్పినవారే కాదనాలి."

"ఆయన పోయారు."

"మంగళవారాలు వస్తారు," అని దివాకరం తెర కింద భాగం వైపు చూపిస్తాడు.

తెర నేలకు జానెడు ఎత్తులో ఆగిపోయింది. ఆ జానెడు సందులో రెండు పాదాలు, పారాణి పెట్టుకుని, గజ్జెలు కట్టుకుని ఉన్నాయి. కుడి చిటికెన వేలి గోరు రెండుగా చీలి ఉంది. ఆ గోరు ఆవిడకు తెలుసు. దానికి వేడి వేడి పసుపు ఉండ పెట్టింది ఆవిడే. మాణిక్యాంబలోని కోపం లేచి కాస్త పక్కకు జరుగుతుంది, ఆ చోట్లో బెంగ వచ్చి కూర్చుంటుంది.

"ఏవండీ," అని పిలుస్తుంది.

గజ్జెలు ఒకసారి కదులుతాయి. "ఎవరది?" అంటుంది లోపలి గొంతు, సన్నటి నాయిక గొంతు. "నువ్వా. పెరటి వైపు నుంచి రాలేదేం?"

"ఈ జుట్టు నాదని చెప్పండి."

"ఎవరికి?"

"అందరికీ."

పాదాలు ఒకదాని మీద ఒకటి ఎక్కి దిగుతాయి. చెప్పడం ఇష్టం లేనప్పుడు ఆయన అలాగే చేసేవాడు.

"వేషంలో ఉన్నానే. వేషంలో ఉండగా ఇంటి సంగతులు మాట్లాడకూడదు, నీకు తెలియనిదా."

"వేషం ఎప్పుడు విప్పుతారు?"

"ఆట అయ్యాక."

"ఆట ఎప్పుడవుతుంది?"

"జడ తెగితే అవుతుంది," అంటాడు భీమశంకరం. తెగుతుందని ఆయన అనుకోవడం లేదని గొంతులోనే తెలుస్తోంది.

మాణిక్యాంబ సంచి కింద పెడుతుంది. కొంగు నడుముకు దోపుకుంటుంది. ముందుకు వచ్చి, జడను మొదలు దగ్గర కుడి చేత్తో పట్టుకుంటుంది.

పెరట్లో కొసను పట్టుకున్నప్పుడు ఎవరూ పట్టించుకోలేదు, అది పని. ఇక్కడ పట్టుకోవడం వేరు. తెర పట్టుకున్న ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. మొదటి గదిలో గజ్జెలన్నీ లేచి కూర్చున్నట్టున్నాయి, గలగలమని దూరం నుంచి వినిపిస్తోంది. చూడడానికి వచ్చిన జనం తాడు చుట్టూ చేరతారు.

దివాకరం నిబంధనల పుస్తకం మొదటి నుంచి చివరి దాకా తిరగేస్తాడు.

"ఆడవాళ్ళు ముట్టుకోకూడదని ఎక్కడా లేదండి," అంటాడు చివరికి. "ముట్టుకుంటారని ఎవరికీ తోచక రాయలేదు." అని లోపలికి వెళ్ళి, ఒక పళ్ళెంలో తమలపాకులు, పసుపు, కుంకుమ, వాటి మధ్య ఒక కత్తెర పెట్టుకుని వస్తాడు. పంతానికి అది పద్ధతి.

న్యాయం చెప్పడానికి సూత్రధారుడు కావాలి. గోడ మీద ఫోటోలో వల్లభయ్య ఉన్నాడు, మూడు తరాల భాగవతులకు తాళం వేసిన మనిషి. ఆయన్ని కిందికి దించుతారు. ఫోటో తీసినవాడు నడుము దాకానే తీశాడు కాబట్టి ఆయన నడుము దాకానే ఉన్నాడు. స్టూలు మీద పెడితే సరిపోతుంది. చేతుల్లో తాళాలు ఉన్నాయి.

"విను తల్లీ," అంటాడు వల్లభయ్య. "తెర వెనకాయన ఒకటి ఆడతాడు. దానికి జవాబుగా నువ్వొకటి ఆడాలి. అలా పోగా పోగా, ఎదుటివాళ్ళు ఎరగనిది ఎవరు ఆడితే వాళ్ళది గెలుపు. ఓడినవాళ్ళు, గెలిచినవాళ్ళు అడిగిన మాట నలుగురిలో చెప్పాలి. మధ్యలో మంచినీళ్ళు కావాలంటే ఇప్పుడే తాగెయ్."

"అక్కర్లేదు," అంటుంది మాణిక్యాంబ. నోరు ఎండిపోయి ఉంది, అయినా అలాగే అంటుంది.

తాళం పడుతుంది. తెర కింద పాదాలు కదులుతాయి. ఎడమ చంకన బిందె ఉన్నట్టు ఒరిగి, నీళ్ళు తొణకకుండా, గట్టు మీద బురద ఉన్న చోట వేళ్ళు ముడిచి నడుస్తాయి. జనం ఆహా అంటారు. మాణిక్యాంబ అదే నడుస్తుంది, ఇంకా బాగా నడుస్తుంది, ఎందుకంటే ఆవిడ చంకలో ఆ బిందె బరువు ఇప్పటికీ ఉంది.

"చెల్లదు," అంటాడు వల్లభయ్య. "ఇది ఆయన నడక."

"నా నడకే అది."

"ఆయన పేరు మీద ఉంది. ఇంకోటి ఆడు."

పాదాలు అలక చూపిస్తాయి. మడమ గట్టిగా నేలకేసి, బొటనవేలు పైకెత్తి, మూల వైపు తిరిగి నిలబడడం. అది మాణిక్యాంబ అలకే, పెళ్ళయిన ఏడాది పండక్కి ఆయన ఇంటికి రాకుండా ఆటకు పోయినప్పటిది. తర్వాత సంతోషం చూపిస్తాయి. అదీ ఆవిడదే, మునివేళ్ళ మీద రెండు చిన్న గెంతులు, ఎవరూ చూడడం లేదనుకుని వసారాలో వేసినవి. కాకిని అదిలించడం, పాలు పొంగితే పరుగెత్తడం, పిలిచిన వెంటనే పలకకుండా ఒక్క క్షణం ఆగడం. ఆవిడ ఏది ఆడబోయినా పాదాలు దాన్ని ముందే ఆడేస్తున్నాయి. వల్లభయ్య ప్రతిసారీ చెల్లదంటాడు, పాపం ఆయనకూ బాధగానే ఉంది.

మాణిక్యాంబ ఆగిపోతుంది. ఈ మనిషి ఇంట్లో తనకంటూ ఏం మిగిల్చాడు. ఇల్లంతా ఊడ్చుకుపోయి, పోతూ పోతూ గుమ్మానికి పసుపు రాసి వెళ్ళినట్టుంది. ఆవిడ నవ్వితే చూశాడు, ఏడిస్తే చూశాడు, చూసిందల్లా తీసుకెళ్ళి ఊళ్ళల్లో ఆడాడు. చూడటం తప్ప ఆయనకు ఇంకో పని లేదు. ఆయన చూడనిది ఏదైనా ఉందా అని ఆవిడ తన బతుకంతా వెనక్కి వెతుక్కుంటుంది.

ఉంది. ఒక్కటే ఉంది. అప్పుడు ఆయన తెర వెనక ఉన్నాడు.

మాణిక్యాంబ కొంగును నడుములోంచి లాగి తల మీద కప్పుకుంటుంది. గది చివరకు వెళ్ళి, వెనక వరుసలో ఆడవాళ్ళ మధ్య ఇరుక్కుని కూర్చున్నట్టు కూర్చుంటుంది. మెడ కనిపించకుండా కొంగును ముందుకు లాక్కుంటుంది. తెర మీద జడ వచ్చి పడిన చోటికి కళ్ళెత్తి చూస్తుంది.

ఆవిడ కుడి చెయ్యి తనంతట తానే మెడ వెనక్కి వెళ్తుంది. అక్కడ ఏమీ లేదు. చెయ్యి నమ్మదు. ఇంకొంచెం కిందికి వెళ్తుంది, వీపు మీదికి, ఒక్కో పాయా తడుముకుంటూ. నడుము దాకా, మోకాళ్ళ దాకా గాలిలో జడ పొడుగునా దిగుతుంది. కొస దాకా వచ్చి, కొసను పిడికిట్లో పట్టుకున్నట్టు మూసుకుంటుంది. అప్పుడు పక్కనున్న ఆడమనిషి ఏదో అడిగినట్టు ఆవిడ అటు తిరుగుతుంది. ఆ జుట్టు ఎవరిదో, ఎంత బావుందో అని అడిగిందది. మాణిక్యాంబ తెలియదన్నట్టు తల ఊపి, నవ్వుతుంది. ఆ నవ్వు ఆవిడ పెదవుల మీద చాలాసేపు ఉంటుంది.

తాళం ఆగిపోయింది. వల్లభయ్య చేతులు తాళాల సంగతే మరిచిపోయాయి. తెర కింద పాదాలు దాన్ని అందుకోబోయి ఒక అడుగు వేస్తాయి, అది కాదని వెనక్కి తీసుకుంటాయి, ఇంకో అడుగు వేస్తాయి. అదీ కాదు.

"ఇది ఎప్పటిదే?" అంటాడు భీమశంకరం.

"మీరు తెర వెనక ఉన్నప్పటిది."

"నేను చూడలేదు."

"ఎవరూ చూడలేదు. అందరూ జడ వైపు చూస్తున్నారు."

పాదాలు పక్కపక్కన చేరి కదలకుండా నిలబడతాయి. "ఓడాను," అంటుంది నాయిక గొంతు. తర్వాత బొంగురుగా, ఇంట్లో మంచినీళ్ళు అడిగే గొంతుతో, "ఓడానే," అంటాడు ఆయన.

దివాకరం పళ్ళెం ముందుకు చాపుతాడు. మాణిక్యాంబ కత్తెర తీసుకుని, వేళ్ళకు పట్టేలా సర్దుకుని, జడను మొదట్లో కత్తిరిస్తుంది. మూడు కత్తెర్లకు తెగదు, ముప్ఫై పడతాయి. తెగిన జడ కింద పడదు. పడమని ఎవరూ చెప్పలేదు కాబట్టి ఆవిడ పక్కన గాలిలోనే ఆగుతుంది.

జడ బరువు పోయేసరికి మూడో గది తేలిక పడి మళ్ళీ ఇరవై అడుగులకు వస్తుంది. వానలు చీటీలు విప్పేసుకుని కిటికీల్లోంచి వెళ్ళిపోతాయి. గోడలు ఒకదానిలోకి ఒకటి మడతపడి, మ్యూజియం అంతా కలిసి ఒక్క తెర అంత అవుతుంది.

"దించమంటారా అమ్మా?" అని అడుగుతారు తెర పట్టుకున్న ఇద్దరూ. ఆ మాట అడిగించుకోవడం ఆవిడకు ఇదే మొదలు.

"దించండి."

తెర దిగుతుంది. అవతల ఎండలో ఊరు ఉంది. ఊరు ఊరంతా చాపల మీద కూర్చుని ఆవిడ వైపే చూస్తోంది. ముందు వరుసలో దివాకరం ఒళ్ళో కొత్త చీటీ పెట్టుకుని, కలం మూత తీసి, ఎదురుచూస్తున్నాడు. నాంచారమ్మ స్టూలు తెచ్చుకుంది. అందరి వెనక, ఆడవాళ్ళ వరుసలో, ఇద్దరి మధ్య ఇరుక్కుని భీమశంకరం కూర్చుని ఉన్నాడు. వేషం లేదు. గడ్డం మాసి ఉంది. ఎండ తగలకుండా తల మీద కండువా కొంగు కప్పుకున్నాడు.

ఆయన పక్కనున్న ఆవిడ ముందుకు వంగి చూస్తూ మోచేత్తో ఆయన్ని పొడుస్తుంది.

"ఎవరు వదినా ఆవిడ? ఏం జుట్టు అది, ఎవరిదో."

భీమశంకరం కాసేపు ఒళ్ళోని చేతుల వైపు చూసుకుంటాడు. ఆయన మోకాళ్ళు పట్టుకుని లేస్తాడు. లేచి, తల మీది కొంగు తీసేసి, నలభై ఊళ్ళల్లో మైకు లేకుండా చివరి వరుస దాకా వినిపించిన గొంతుతో చెబుతాడు.

"అది మాణిక్యాంబ. నా భార్య. ఆ జుట్టు ఆవిడదే. కొండకు ఇవ్వలేదు, నేను తీసుకున్నాను, తీసుకుని మీ అందరికీ అబద్ధం చెప్పాను. ఆ నడకా ఆవిడదే. అదైతే అడగను కూడా అడగలేదు."

పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయన నోటి నుంచి తన పేరు వినడం ఆవిడకు ఇదే మొదటిసారి. ఏమే అనీ ఇదిగో అనీ తప్ప ఎన్నడూ పిలవలేదు. దివాకరం చీటీ మీద రాసుకుంటున్నాడు. మాణిక్యాంబకు ఏడుపు వస్తుంది, ఆపుకోదు. కోపం ఏమైందా అని వెతికితే, అది కూడా వెళ్ళి జనంలో ఒక చాప చూసుకుని కూర్చుంది.

భీమశంకరం కూర్చుంటాడు. ఇప్పుడు అందరూ ఆవిడ ఏం ఆడుతుందా అని చూస్తున్నారు. ఏం ఆడాలో ఆవిడకూ తెలియదు. ఉన్నవన్నీ ఎప్పుడో ఎవరో ఆడేశారు, మిగిలిన ఒక్కటీ ఇందాకే అయిపోయింది. అయినా కుడి కాలు నేల మీంచి లేస్తుంది.

ఆ కాలు కింద పడే లోపలే మొదటి వరుస చాపలతో సహా వెనక్కి జరుగుతుంది, చోటు చాలదని. దాని వెనక వరుస జరుగుతుంది. ఇళ్ళు తమ అరుగులు తాము ఎత్తుకుని ఒక్కో అడుగు వెనక్కి వేస్తాయి. గడ్డివాములు, బావులు, పాకల్లో గేదెలు అన్నీ జరుగుతాయి. కాలువ తన రెండు గట్లనూ కుచ్చిళ్ళు పట్టుకున్నట్టు పట్టుకుని, ఒక్క చుక్క నీరు ఒలకకుండా, పొలాల అవతలికి పోయి నిలబడుతుంది.

"ఇంకొంచెం జరగండి," అంటుంది మాణిక్యాంబ.